టిక్కీ బయట నిలబడ్డవాడు

గుంటూరు
12 ఫిబ్రవరి 2025

సిద్దికా అక్కకి తమ్ముడు నన్నే సాహెబ్ సలాం.

ఫోను చేస్తే నీకు వినపడదు, మెసేజి పెడితే నీ బటన్ ఫోనులో తెలుగు రాదు. అందుకని మళ్ళీ కాగితం పట్టుకున్నాను. ఇరవయ్యేడేళ్ళు స్పిన్నింగ్ మిల్లు మోతలో నీ చెవులు పోయాక బాగుపడింది పోస్టాఫీసు ఒక్కటే. హయాత్ బావకి దగ్గు ఎలా ఉంది? చలి తగ్గింది కదా, కాస్త తెరిపిగా ఉన్నాడనుకుంటాను.

కంగారుపడకు. మొన్న గురువారం పనిలో నా కుడికాలికి దెబ్బ తగిలింది. మడమకి పైన, వెనక వైపు. కుంటుకుంటూ నడుస్తున్నాను.

ఎలా జరిగిందని ఎలాగూ అడుగుతావు. మిర్చి టిక్కీ తొక్కడం నీకు తెలియనిది కాదు. లోపల ఒకడు గోతాంలో నిలబడి కాయల్ని తొక్కాలి. బయట ఒకడు గంపతో కాయలు పోస్తూ, మధ్యమధ్యలో గోతాం మూలల్ని కాలితో తన్నాలి. లోపలివాడి పాదం మూలలకి అందదు, బయటివాడు తంతేనే టిక్కీ సరిగ్గా నిలబడుతుంది. మీ మిల్లులో పనిచేసే కోటిరత్నం మొగుడు బుల్లయ్యకి ఏదైనా పని చూడమని నువ్వు చీటీ రాసి పంపావు చూడు, ఆనాటి నుంచీ లోపల నేను, బయట బుల్లయ్య. పద్దెనిమిదేళ్ళు.

మా ముఠా మేస్త్రి ఈ సీజనుతో దిగిపోతున్నాడు. ఆయన తర్వాత నేనా బుల్లయ్యా అని అందరూ అనుకుంటున్నారు. ఆ పొద్దున టీ దగ్గర ఆ మాటొచ్చి ఇద్దరం గట్టిగానే అనుకున్నాం. "నువ్వు మేస్త్రివైతే నేను వేరే ముఠా చూసుకుంటా అన్నా" అన్నాడు. "ఇవాళే చూసుకో" అన్నాను. తర్వాత మాటల్లేకుండానే పనిలోకి దిగాం. పదకొండింటప్పుడు నేను నడుం లోతు టిక్కీలో ఉన్నాను. మునివేళ్ళ మీద లేచి తొక్కుతుంటే వెనకనుంచి మడమ మీద ఫాట్‌మని ఒక్క తన్ను పడింది. తిరిగి చూస్తే వెనక బుల్లయ్య తప్ప ఎవరూ లేరు.

అలాగే వాడి చెంప మీద కొట్టాను. కొట్టి, గోతాంతో సహా కిందపడ్డాను. "నేను తన్నలేదన్నా, గంప ఎత్తుతున్నా" అంటాడు! శనివారం ముఠా అంతా కూర్చుంది. జతగాడికి దెబ్బ తగిలించినవాడు ముఠాలో ఉండకూడదని మాకు కట్టుబాటు. "తన్నాడా?" అని నన్ను అడిగారు. "తన్నాడు" అన్నాను. ఇంకేం అడగలేదు. బుల్లయ్య తువ్వాలు దులుపుకుని, టిఫిను డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

మా వీధి ఆరెంపీ డాక్టరు పిక్క పట్టేసిందని మాత్రలిచ్చి బ్యాండేజీ చుట్టాడు. వారంలో తగ్గుతుందన్నాడు. గుల్షన్ నీకు సలాం చెప్పమంది. ఇంట్లో కూర్చున్న మొగుడికి రోజుకి ఎన్ని టీలు కావాలో ఆవిడకి ఇప్పుడే తెలిసొచ్చిందట.

నీ తమ్ముడు
నన్నే సాహెబ్


చిలకలూరిపేట
19 ఫిబ్రవరి

నన్నేకి అక్క దీవెనలు.

షిఫ్టుకి బయల్దేరుతుంటే నీ ఉత్తరం వచ్చింది. గుమ్మంలో నిలబడే చదివాను. చదివి కూర్చుండిపోయాను. మనం అన్నం పెట్టినవాడే నీ కాలు తన్నాడా? వాడి కాలు పడిపోను!

కోటిరత్నం నాకు ఏమిటో నీకు తెలుసు. నేను చెవిటిదాన్నని మిల్లులో ఎవరికీ తెలియకుండా పదేళ్ళు నెట్టుకొచ్చింది. సైరన్ మోగితే నా భుజం తడుతుంది. సూపర్‌వైజరు ఏమన్నాడో నాకెదురుగా నిలబడి, పెదవులు నిదానంగా కదిలిస్తూ చెప్తుంది. నీ ఉత్తరం చదివి వెళ్ళిన రోజు నేను నూలు వడికే ఫ్రేము దగ్గరికొచ్చి "వదినా, ఆయన తన్నలేదు" అని మొదలుపెట్టింది. అంతవరకే చూసి మొహం తిప్పుకున్నాను. చెవిటిదానికి ఎదుటివాళ్ళ నోరు మూయించడం ఎంత సులువో ఆ రోజు తెలిసింది. ఆవిడ ఇటు వచ్చింది, నేను అటు తిరిగాను. చెయ్యి పట్టుకుంది, విదిలించాను. మర్నాడే వేరే ఫ్రేము మీదికి మార్పించుకున్నాను. ఇప్పుడు సైరన్ మోగితే ఎవరూ చెప్పరు. పక్కవాళ్ళు వెళ్ళిపోతుంటే చూసి వెళ్తున్నాను.

ఆ మాత్రలు పక్కనపడెయ్యి. ఆముదం గోరువెచ్చగా కాచి, మోకాలి కింది నుంచి మడమ దాకా గుల్షన్ చేత గట్టిగా రాయించుకో. తర్వాత పాదం పట్టుకుని పైకి గుంజమను. నరం దారిన పడుతుంది. అమ్మ అందరికీ అలాగే చేసేది. పూటపూటా చెయ్యాలి. ఒక పూట చేసి మానేసే రకానివి నువ్వు.

రావాలనే ఉంది. మీ బావ నాలుగడుగులు వేస్తే మంచం పట్టుకుని ఆయాసపడుతున్నాడు. దూది దుమ్ము ఆయన ఊపిరంతా తినేసింది. ఆయన్ని ఒక పూట కూడా వదలలేకుండా ఉన్నాను, ఏమీ అనుకోకు.

అక్క
సిద్దికా


గుంటూరు
10 మార్చి

అక్కకి,

ఆలస్యమైనందుకు తిట్టకు. మంచం మీద పడుకుని, పరీక్ష అట్ట ఛాతీ మీద పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే నాది తప్పు కాదు.

నువ్వు చెప్పినట్టు పది రోజులు ఆముదం రాయించుకున్నాను. గుల్షన్ చేతులు నొప్పిపుట్టాయి గానీ నా కాలికి ఏమీ కాలేదు. మెట్టు ఎక్కబోతే పాదం చచ్చుబడినట్టు జారిపోయేది. మడమ పైన వేలు పెడితే సొట్టలోకి దిగేది. ఇక లాభం లేదని మూడో తారీఖున ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. క్రిస్టీనా అని, చిన్నపిల్ల. మన ఇంటి ఆడపిల్లలా ఉంది. బల్ల మీద బోర్లా పడుకోమంది, పాదాలు అంచు బయటికి వేలాడేలా. ఎడమ పిక్కని గుప్పిటతో నొక్కింది. పాదం దానంతటది కదిలింది. కుడి పిక్క నొక్కింది. పాదం రాయిలా అలాగే ఉంది. గుల్షన్ అది చూసి ఏడుపు లంకించుకుంది.

పిక్క కండని మడమ ఎముకకి పట్టి ఉంచే తాడు ఒకటుందట. మనం నరం అంటామే, అదే. ఒంట్లో అన్నిటికంటే లావుదట. అది పూర్తిగా తెగిపోయింది. మొదటివారంలోనే వచ్చుంటే తేలికయ్యేది, ఇప్పుడు పై ముక్క పిక్కలోకి ముడుచుకుపోయిందని చెప్పింది. అయిదో తారీఖున ఆపరేషన్ చేసి, ఆ ముక్కని కిందికి లాగి కుట్టింది. కాలివేళ్ళు నేల చూసేలా పాదాన్ని వంచి మోకాలి కింద దాకా కట్టు వేశారు. తాడు వదులుగా ఉంటేనే అతుకుతుందట. ఆముదం రాసి పాదం పైకి గుంజామని గుల్షన్ చెప్తే డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. నీ తప్పేం లేదులే, మాకు మాత్రం ఏం తెలుసు.

ఇక మునివేళ్ళ మీద లేవడం చాలా కాలం కుదరదు. కింద కూర్చోకూడదు, కుర్చీలోనే నమాజు. మందులు మింగాలి కాబట్టి ఈసారి రంజాన్ రోజాలు లేవు. టిక్కీ తొక్కుడు సంగతి అడిగితే "తర్వాత చూద్దామండీ" అంది. ఆ "తర్వాత" నాకు బాగా వినపడింది.

ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. ఈ కాలి గురించే. అది రాయబోతే చెయ్యి ఆడటం లేదు. మరోసారి రాస్తాను.

నన్నే


చిలకలూరిపేట
19 మార్చి

నన్నేకి,

డాక్టరమ్మ చెప్పిన ఆ మాట ఏమిటో నువ్వు దాచినా నాకు తెలిసింది. కాలు తీసేస్తారు. మీ బావ వాళ్ళన్నయ్యకి కూడా ఇలాగే ముందు కట్టు కట్టారు, తర్వాత చూద్దామన్నారు, చివరికి మోకాలి దాకా తీశారు. నాకు చెప్పడానికి నీకు చెయ్యెలా ఆడుతుంది.

నా ఆముదం వల్లే ఆలస్యమైందని కూడా రాశావు. తప్పేం లేదులే అని రాశావు, అంటే తప్పుందనేగా. నిజమే. పది రోజులు నీ కాలు నేనే పాడుచేశాను. ఆ ఉత్తరం పట్టుకుని ఏడ్చాను. ఏడ్చి, నా తప్పు పది రోజులదైతే అసలు తన్నినవాడి తప్పు ఎంతని అనుకున్నాను.

ఆదివారం మీ బావని పక్కింటి పున్నమ్మకి అప్పజెప్పి బుల్లయ్య వాళ్ళ ఊరు వెళ్ళాను. చర్చి వదిలేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. పాస్టరు సంజీవరావు గారు పెద్దమనిషి, కుర్చీ వేయించాడు. ఆయన భార్య ప్రేమమ్మ గారు అన్నీ కాగితం మీద రాసి నాకు చూపించింది. "నా తమ్ముడి కాలు పోతోంది. మీ సంఘంలోవాడు తన్నాడు, పైగా తన్నలేదని అబద్ధం ఆడుతున్నాడు. మీ దేవుడు దీనికి ఒప్పుకుంటాడా?" అని నిలదీశాను. నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు కదా. రోడ్డు మీదివాళ్ళంతా ఆగి చూస్తున్నారు. పాస్టరు గారు తల దించుకుని, అతనితో మాట్లాడతానని ప్రేమమ్మ గారి చేత రాయించాడు. బల్లకి, అదే వాళ్ళు రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధనకి, అతన్ని రానివ్వబోమని కూడా రాయించాడు.

బుల్లయ్య ఇప్పుడు ఊళ్ళో లేడు. మార్టూరులో రాళ్ళు పాలిష్ చేసే పనిలో చేరాడట.

నువ్వు ధైర్యంగా ఉండు. కాలు లేకపోయినా నువ్వు నా తమ్ముడివే.

సిద్దికా


గుంటూరు
4 ఏప్రిల్

అక్కకి, పండగ ముబారక్, ఆలస్యంగా.

కాలు తియ్యరు. ఎవరూ తియ్యరు. ఈ సంగతి పెద్ద అక్షరాలతో రాయాలని ఉంది. కుట్లు విప్పారు, అతుకు బాగుందన్నారు. ఇప్పుడు ప్లాస్టిక్ బూటు ఇచ్చారు. అందులో మడమ కింద మూడు ముక్కలు పెట్టి మడమని ఎత్తి ఉంచారు. రెండు వారాలకొకటి తీసేస్తూ పాదాన్ని నిదానంగా నేలకి దించుతారట. మొన్న మొదటిది తీశారు. ఈద్గాలో కుర్చీ వేసుకుని వెనక వరసలో కూర్చున్నాను. తెలిసినవాళ్ళంతా వచ్చి కౌగిలించుకోవడానికి వంగుతుంటే ముసలాణ్ణి అయిపోయినట్టు అనిపించింది.

కట్టు విప్పిన రోజు నా పిక్క చూసుకుని భయపడ్డాను. పద్దెనిమిదేళ్ళు టిక్కీలు తొక్కి పెంచిన పిక్క, నెల రోజుల్లో చేతి మణికట్టంత అయిపోయింది. వేళ్ళతో తువ్వాలు దగ్గరికి లాక్కోవడం, కూర్చుని మడమ ఎత్తడం, ఇవీ ఇప్పుడు నా పనులు. రోజుకి నాలుగుసార్లు చేస్తున్నాను. చేసిన ప్రతిసారీ చెమటలు పడుతున్నాయి.

ముఠావాళ్ళు వచ్చి నన్ను మేస్త్రిని చేశామన్నారు. ఇక తొక్కలేడు కాబట్టి కనీసం ఇదైనా, అన్నారు. మెడలో మేస్త్రి విజిలు వేశారు. వద్దనాలనుకున్నాను. అనలేదు.

అక్కా, బుల్లయ్య సంగతి ఇక వదిలెయ్యి. పాస్టరు గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళకు. కోటిరత్నంతో మాట్లాడు. ఎందుకని అడక్కు. నా మాట విను.

నన్నే


చిలకలూరిపేట
21 ఏప్రిల్

నా బంగారు తమ్ముడికి,

కాలు ఉంటుందన్నది మూడుసార్లు చదువుకుని, మీ బావ చేత కూడా చదివించాను. నీ మనసు ఎంత పెద్దదిరా! కాలు తన్నినవాడిని వదిలెయ్యమంటున్నావు. నాన్న ఉంటే నిన్ను చూసి పొంగిపోయేవాడు.

నువ్వు వదిలేసినా దేవుడు వదల్లేదు. ఇవాళ ప్రేమమ్మ గారు మిల్లు గేటు దగ్గరికి వచ్చి, నాకోసం రాసి తెచ్చిన కాగితం ఇచ్చింది. మొన్న గుడ్ ఫ్రైడే రోజు ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ బుల్లయ్య లేచాడట. "నేను తన్నాను. తన్నలేదని రెండు నెలలుగా అబద్ధం ఆడాను. అసూయతో నా జతగాడి కాలు తీశాను. నా కోసం ప్రార్థన చెయ్యండి" అని సంఘమంతటి ముందూ ఒప్పుకున్నాడట. నేల మీద సాగిలపడి ఏడ్చాడట. పాస్టరు గారు తల మీద చెయ్యిపెట్టి లేపాడట.

కోటిరత్నం మాత్రం మధ్యలోనే లేచి బయటికి వెళ్ళిపోయిందట. మొగుడు ఒప్పుకున్నా పెళ్ళానికి ఒప్పుకోబుద్ధి కాలేదు చూడు! అలాంటిదాన్ని మాట్లాడించమంటావు.

నా మనసులో బరువు దిగిపోయింది. నీదీ దిగిపోయి ఉంటుంది. ఆ కాగితం ఇందులో పెట్టి పంపుతున్నాను, దాచుకో.

సిద్దికా


గుంటూరు
27 ఏప్రిల్

అక్కకి,

బుల్లయ్య నన్ను తన్నలేదు.

ఎవరూ తన్నలేదు. మార్చి మూడో తారీఖున, నా పిక్క నొక్కి చూశాక, డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అడిగింది: "వెనకనుంచి ఎవరో తన్నినట్టు అనిపించిందా?" నేను ఆశ్చర్యపోయి "మీకెలా తెలుసమ్మా?" అన్నాను. ఆవిడ నవ్వింది. "అందరూ అదే అంటారండీ. షటిల్ ఆడేవాళ్ళయితే వెనకవాడు బ్యాటుతో కొట్టాడని పోట్లాడతారు. తిరిగి చూస్తే అక్కడ ఎవరూ ఉండరు. ఈ తాడు తెగినప్పుడు అలాగే తెలుస్తుంది, చప్పుడు కూడా వస్తుంది. మునివేళ్ళ మీద బలంగా లేచినప్పుడు దానంతటదే తెగుతుంది. నలభై దాటినవాళ్ళలో ఎక్కువ. ఒట్టి కాలితో తంతే ఇంత లావు తాడు తెగదు" అంది.

నా వెనక మాత్రం ఒకడున్నాడక్కా. అదే వాడి ఖర్మ. అందరికీ వెనక ఎవరూ ఉండరు, నాకు బుల్లయ్య ఉన్నాడు. వాడి పనే తన్నడం. పైగా ఆ పొద్దున పోట్లాడుకున్నాం. ఇంకేం కావాలి?

డాక్టరమ్మ చెప్పిందని నీకు రాయలేకపోయిన మాట ఇదే. మొదట సిగ్గేసింది. చెంప మీద కొట్టాను, ముఠాలోంచి వెళ్ళగొట్టించాను. తర్వాత నువ్వు చర్చి దగ్గరికి వెళ్ళావని రాశావు. నీ పరువు కూడా పోతుందనుకున్నాను. ఆ తర్వాత విజిలు వేశారు. ఇక నిజం రాస్తాను, విను. ఇక తొక్కలేనివాడికి అదొక్కటే దారి. నోరు విప్పితే అదీ పోతుందని భయపడ్డాను. నువ్వు రాసినట్టు నా మనసు పెద్దదేం కాదు. ఒక్క మాటలో ఉన్నదాన్ని యాభై అయిదు రోజులు నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నాకున్న ఆసరా ఒక్కటే. నేను ఎంత దాచినా బుల్లయ్యకి నిజం తెలుసు, తను తన్నలేదని వాడికి తెలుసు, ఎప్పుడో ఒకప్పుడు నా మొహాన ఉమ్మేస్తాడు, అప్పుడు చెల్లు అనుకునేవాణ్ణి.

ఇప్పుడు నీ కాగితం వచ్చింది. వాడు చెయ్యనిదాన్ని చేశానని ఎందుకు ఒప్పుకున్నాడు?

నన్నే


చిలకలూరిపేట
4 మే

నన్నే,

మార్చి మూడున తెలిసింది ఏప్రిల్ ఇరవై ఏడున రాస్తావా?

నేను ఆ చర్చి గేటు దగ్గర అరిచింది మార్చి పదహారున. పదమూడు రోజుల ముందే నీకు తెలుసు. నా చేత ఆ పని చేయించింది నువ్వు. పదేళ్ళు నా వెన్నంటి ఉన్న మనిషి చెయ్యి నేను విదిలించుకున్నాను. మిల్లులో రోజూ ఆవిడ ముందునుంచే తల తిప్పుకుని నడిచి వెళ్ళాను.

నీ కాలు గురించి నేను ఇక అడగను. వెళ్ళు. ముందు ముఠాకి చెప్పు. తర్వాత మార్టూరు వెళ్ళి వాడికి చెప్పు. ఆ పని చేసేదాకా నాకు ఉత్తరం రాయకు.

సిద్దికా


గుంటూరు
16 జూన్

అక్కకి,

రాయడానికి అర్హత వచ్చిందని రాస్తున్నాను. రాసేది మాత్రం నీకు నచ్చదు.

డాక్టరమ్మ మే నెలాఖరు దాకా బూటు విప్పనివ్వలేదు. అది విప్పి మామూలు చెప్పులేసుకున్న రోజే ముఠా దగ్గరికి వెళ్ళాను. అందరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆనాడు అడగాల్సినవాళ్ళు, వాళ్ళూ నన్ను ఇంకేమీ అడగలేదు కదా. దిగిపోయిన పెద్ద మేస్త్రి జయపాల్ ఒక్కడే "ఇప్పుడెందుకు నన్నే, ఇవన్నీ" అన్నాడు. విజిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇప్పుడు కోల్డ్ స్టోరేజి షెడ్డులో ఆడవాళ్ళ పక్కన కూర్చుని మిరపకాయల తొడాలు తీస్తున్నాను. కాలు చాపుకోవడానికి బాగుంటుంది. తుమ్ములు మాత్రం నన్ను ఇంకా కొత్తవాడిగానే చూస్తున్నాయి.

మొన్న శుక్రవారం మార్టూరు వెళ్ళాను. హైవే పక్కనే వాళ్ళ షెడ్డు. నేలంతా పాలలాంటి రాతి నీళ్ళు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, పాలిష్ మిషను ముందు నిలబడి ఉన్నాడు. సగమయ్యాడు. నన్ను చూసి ముందు నా మొహం చూడలేదు, నా కాలు చూశాడు. మిషను ఆపి, చేతులు కడుక్కుని వచ్చి, వంగి నా మడమ పట్టుకున్నాడు. నేను వద్దు వద్దంటున్నా వదల్లేదు.

"ఒరే బుల్లయ్యా, నువ్వు తన్నలేదురా. అది దానంతటదే తెగింది. డాక్టరు చెప్పింది. నేనే నీ మీద అబద్ధం వేశాను" అన్నాను. మూడు నెలలుగా లోపల తిరిగిన మాటలు, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

వాడి కళ్ళ నిండా నీళ్ళు. "అన్నా, ఇంత దూరం కుంటుకుంటూ ఈ మాట చెప్పడానికి వచ్చావా? నేనైతే రాలేను. నా కాలు ఎవడైనా తన్నుంటే నేను రాలేను" అన్నాడు.

"నీమీద జాలితో కాదురా, నిజంగానే" అని డాక్టరమ్మ చేత రాయించుకున్న కాగితం తీశాను. "కాగితం నాకెందుకన్నా" అని మడిచి నా జేబులోనే పెట్టాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. "మొదట్లో నేనూ తన్నలేదనే అనుకున్నా. గంప ఎత్తుతున్నాననే అనుకున్నా. ఇక్కడికొచ్చి ఒక్కణ్ణే ఆలోచించా. రోజుకి ఎన్ని వందలసార్లు తంతాం, అందులో ఏ తన్ను ఎప్పుడు తన్నామో ఎవడికి గుర్తుంటది? ఆ పొద్దున నీ మీద నాకు కడుపు మండిపోయింది. అది కాలికి తెలియకుండా ఉంటదా? ముఠా అంతా ఒకటే మాట. సిద్దికక్క అంతటిది చర్చి దాకా వచ్చింది. పాస్టరు గారు ఆలోచించుకోమన్నాడు. ఇంతమంది తప్పెలా అవుతారన్నా? ఒప్పుకున్నాకే నాకు నిద్ర పట్టింది. ఇప్పుడు నువ్వు కూడా క్షమించావు. ఇక చాలు నాకు."

ఎంత చెప్పినా అంతే. ఒట్టు వేశాను. "అంత ఒట్టు వెయ్యకు, నా కోసం పాపం మూటగట్టుకోకు" అన్నాడు. టీ ఇప్పించాడు. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి బస్సెక్కించి, "కాలు బాగోలేదు, ముందు సీటివ్వండి" అని కండక్టర్ని బతిమాలాడు. బస్సు కదిలేదాకా చేతులు జోడించి నిలబడ్డాడక్కా. నాకు! దండం పెడుతూ నిలబడ్డాడు.

నేను తన్నాడంటే లోకమంతా నమ్మింది. తన్నలేదంటే వాడే నమ్మడం లేదు.

నన్నే


చిలకలూరిపేట
24 జూన్

నన్నేకి,

ఇన్నాళ్ళూ మొహం చెల్లక ఆగాను. నీ ఉత్తరాలు తీసుకెళ్ళి కోటిరత్నం చేతిలో పెట్టాను. మిల్లు బయట టీకొట్టు పక్కన నిలబడి రెండు ఉత్తరాలూ, ఏప్రిల్‌దీ ఇదీ, చదివింది. నేను ఆవిడ కాళ్ళ మీద పడబోయాను. పడనివ్వలేదు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

తర్వాత మాట్లాడింది. తొందరగా మాట్లాడింది, అయినా ఒక్క మాట కూడా పోనివ్వకుండా చూశాను. "ఆయన తన్నలేదని మీతో అన్నాను. పాస్టరు గారితో అన్నాను. చివరికి ఆయనతోనే అన్నాను వదినా. మొగుడి పాపాన్ని కప్పిపెట్టే ఆడదానివి, నీ వల్లే నాకు విడుదల రావడం లేదు అని ఆయనే నన్ను కొట్టాడు. గుడ్ ఫ్రైడే తర్వాత ఇంటికి రాలేదు. ఆయన తప్పు చెయ్యలేదని నమ్మేదాన్ని నేనొక్కదాన్నే ఉన్నానని, నా మొహం చూడటం మానేశాడు."

ఇంకో మాట అడిగింది. "ఇప్పుడు మీరంతా నమ్ముతున్నారు. ఆయన్ని ఎవరు నమ్మిస్తారు?" సైరన్ మోగినట్టుంది, అందరూ లోపలికి వెళ్తున్నారు. ఆవిడ నా భుజం తట్టలేదు. ఒక్కతే వెళ్ళిపోయింది.

వచ్చే ఆదివారం పొద్దున మొదటి బస్సుకి బయల్దేరి రా. బావని పున్నమ్మ చూసుకుంటానంది. సంజీవరావు పాస్టరు గారికి ముందే చెప్పి ఉంచాను. వాడు ఎక్కడ నిలబడి ఒప్పుకున్నాడో అక్కడే నువ్వు నిలబడాలి, నీ పక్కన నేను. డాక్టరమ్మ కాగితం తెలుగులో రాయించుకురా. బుల్లయ్యని తీసుకురావడానికి పాస్టరు గారే మార్టూరు వెళ్తున్నారు.

ఒక్కసారికి నమ్మడు. నమ్మకపోతే పై ఆదివారం మళ్ళీ వెళ్దాం. ఆనాడు ముఠాలో నువ్వు అన్నది ఒక్క మాట. దాన్ని వాడి లోపలినుంచి తియ్యడానికి మన ఇద్దరి బతుకులూ చాలుతాయో లేదో నాకు తెలియదు.

చెప్పులు గట్టివి వేసుకో. బస్టాండు నుంచి చర్చి దాకా కిలోమీటరు నడవాలి.

అక్క
సిద్దికా